కనిపెట్టడం వేరు, కనిపెట్టుకొని ఉండడం వేరు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక భక్తి పేజీలో ఒక పెట్టె కట్టి బైబిల్లోని 37వ కీర్తన 4వ వచనం వేశారు. ‘యెహోవానుబట్టి సంతోషించుము, ఆయన నీ హృదయవాంఛలను తీర్చును.’ దాని కింద చిన్న వ్యాసం. ఏదైనా నిర్ణయం తేలనప్పుడు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, కీర్తనల గ్రంథం తెరిచి వేలు పెడితే, ఆ వేలు కింద ఉన్న వచనమే దేవుడిచ్చే జవాబని రాశారు. అది చదవగానే మనసుకు సమాధానం కలిగితే ఇక అనుమానించాల్సిన పని లేదట. రాసినవారి మీద నాకు కోపం లేదు. ఆ పద్ధతి నేనూ పన్నెండేళ్లు పాటించాను. ఎందుకు మానేశానో చెబుదామనే ఈ ఉత్తరం.

నేను చదువుకున్నవాణ్ణి కాను. ఇరవై ఆరేళ్లు ఒక గోడౌన్‌కు నైట్ వాచ్‌మన్‌గా ఉండి రిటైరయ్యాను. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరు దాకా డ్యూటీ. గంటకోసారి చుట్టూ తిరిగొచ్చి రిజిస్టర్‌లో టైము వేసి సంతకం పెట్టాలి. మిగతా సమయమంతా గేటు పక్కన ఒక స్టూలు, ఒక బల్బు, అట్ట ఊడిన బైబిలు. నాకు కీర్తనలు నోటికి వచ్చాయంటే అది భక్తి గొప్పతనమేమీ కాదు, నిద్ర ఆపుకునే ఉపాయం. మనసులో చదివితే రెండు నిమిషాల్లో తల వాలిపోతుంది. గొణుక్కుంటూ చదివితే కునుకు రాదు. ఒకటో కీర్తనలో ‘దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు’ అన్నచోట మూలభాష అయిన హీబ్రూలో ఉన్న మాటకు గొణుక్కోవడం అనే అర్థం ఉందని మా పాస్టరుగారు చాలా ఏళ్ల తర్వాత చెప్పారు. బైబిల్లోనే యెషయా గ్రంథం 31వ అధ్యాయంలో వేటను కాళ్ల కింద పెట్టుకుని గుర్రుమనే సింహానికి కూడా అదే మాట వాడారట. ఆ లెక్కన గేటు దగ్గర నేను చేసింది కూడా ధ్యానం కిందికే వస్తుందేమో.

ఇక ఆ రాత్రి సంగతి. పదకొండున్నరకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మా ఆవిడ. సాయంత్రం బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగిందనీ, రెండు వాంతులయ్యాయనీ చెప్పి, ‘ఒకసారి వస్తారా?’ అంది. ‘ఉండు, ప్రార్థన చేసి చెబుతా’ అన్నాను. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కళ్లు మూసుకున్నాను, బైబిలు తెరిచాను, వేలు పెట్టాను. 91వ కీర్తన 10వ వచనం. ‘నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు.’ ఒళ్లు ఝల్లుమంది. ఇంతకంటే సూటిగా దేవుడు ఇంకెలా చెబుతాడు? ఫోన్ చేసి, ‘ఏం కాదు, పడుకో’ అన్నాను.

నాలుగింటికి మళ్లీ ఫోన్. ‘నొప్పి ఒక్కసారిగా తగ్గిపోయింది’ అంది. దేవునికి స్తోత్రం అనుకుని, రౌండుకు వెళ్లొచ్చి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. అపెండిక్స్ పగిలినప్పుడు కాసేపు నొప్పి అలాగే తగ్గుతుందని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. నేను స్తోత్రం చెబుతున్న సమయానికి ఆమె కడుపులో చీము పాకుతోంది.

నేను ఇంటికి చేరేసరికి తలుపుకు తాళం. అయిదింటికి పక్కింటావిడకు మూలుగు వినిపించి తలుపు తట్టిందట. ఒళ్లు కాలిపోతోందని చూసి, నన్ను అడగలేదు, ఎవరినీ అడగలేదు, బండి మాట్లాడి ఆస్పత్రిలో చేర్పించింది. ఆపరేషన్. పంతొమ్మిది రోజులు మంచం మీదే. ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరు అన్న మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది. మా ఆవిడ బతికింది. ఈ ఉత్తరం నేను చెబుతుంటే పక్కన కూర్చుని రాస్తున్నది ఆమే, నా కళ్లు బాగా మందగించాయి కాబట్టి. ఇంతకాలమైనా ఆమె ఆ రాత్రి గురించి ఒక్క మాటే అంటుంది: ‘ఆ రాత్రి మీకు వచనం దొరికింది, నాకు మొగుడు దొరకలేదు.’ ఈ వాక్యం తీసేయమంటే తీసేయనంటోంది.

ఆస్పత్రిలో ఆ మంచం పక్కన రాత్రుళ్లు కూర్చుని 91వ కీర్తన మొదటి నుంచి చివరి దాకా చదివాను. అన్నేళ్లు చదివిందే. కానీ వచనాలుగా చదివాను, కీర్తనగా ఎప్పుడూ చదవలేదని అప్పుడు అర్థమైంది. నా వేలు ఆగిన చోటికి అయిదు వచనాల కింద ‘శ్రమలో నేనతనికి తోడై యుండెదను’ అని ఉంది. శ్రమ రానే రాదనుకుంటే ఈ మాటతో పనేముంది? పైగా ఇదే కీర్తనను యేసు దగ్గర వల్లించింది ఎవరు? సాతాను. మత్తయి సువార్త 4వ అధ్యాయంలో దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు చేతులతో ఎత్తి పట్టుకుంటారని రాసి ఉంది కదా అంటాడు. అది 91వ కీర్తన 11, 12 వచనాలు. వాడు తప్పు చదవలేదు, మాట మార్చలేదు. ఒక్క ముక్క విడదీసి గ్యారంటీ కార్డులా చూపించాడు. యేసు ఏమన్నాడు? ‘ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదని మరియొక చోట వ్రాయబడియున్నది’ అన్నాడు. ఆ ‘మరియొక చోట’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నేను మరియొక చోట చూడలేదు. చూడాలని అనిపించనే లేదు.

మీ వ్యాసకర్త చెప్పిన ‘సమాధానం’ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. చర్చిలో మనం సమాధానం అంటే మనశ్శాంతి. బయట జనానికి సమాధానం అంటే జవాబు. నాకు ఆ రాత్రి మొదటిది కలిగింది, దాన్ని నేను రెండోది అనుకున్నాను. అసలు ఆ శాంతి ఎక్కడి నుంచి వచ్చిందో నిజాయితీగా ఆలోచిస్తే ఇప్పుడు తెలుస్తోంది. మనిషిని పెట్టకుండా గేటు వదిలి వెళ్తే ఉద్యోగం పోతుంది. వెళ్లనక్కర్లేదని ఒక వచనం దొరికింది. ఆ తేలికే నా మనసుకు కలిగిన సమాధానం. తనకు అనుకూలమైన మాట వింటే ఎవరి మనసైనా శాంతిస్తుంది. అందుకు పరిశుద్ధాత్మే రానక్కర్లేదు.

మీరు పెట్టె కట్టి వేసిన వచనం దగ్గరికి వస్తాను. 37వ కీర్తనలో నలభై వచనాలున్నాయి. మీరు నాలుగోది వేశారు. ఏడోది చూడండి: ‘యెహోవా యెదుట మౌనముగానుండి ఆయనకొరకు కనిపెట్టుకొనుము.’ ఈ కనిపెట్టడం అనే మాట మీద నాకు చిన్న చాదస్తం ఉంది. ఇప్పటి పిల్లలకు కనిపెట్టడం అంటే ఎవరికీ తెలియనిది బయటికి తీయడం. అందుకే ‘దేవుని చిత్తం కనిపెట్టాలి’ అంటూ తెగ టెన్షన్ పడుతుంటారు, ఎక్కడో దాచిపెట్టిన కాగితాన్ని వెతుకుతున్నట్టు. కీర్తనల్లో ఉన్న మాట అది కాదు. ‘కాస్త ఇల్లు కనిపెట్టుకుని ఉండండి’ అని పొరుగువారికి చెప్పి వెళ్తామే, ఆ కనిపెట్టడం. చూపు తిప్పకుండా, చోటు వదలకుండా ఉండడం. ఇరవై ఆరేళ్లు నేను జీతం తీసుకున్నది ఈ పనికే.

130వ కీర్తనలో ఉన్నది కూడా మా వాళ్లే. ‘కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది’ అని రాసి, వెంటనే అదే మాట మళ్లీ రాశారు. రెండుసార్లు ఎందుకు రాశారని ఒక కుర్రవాడు సండే స్కూల్లో అడిగాడు. నాకు నవ్వొచ్చింది. రాత్రి మూడింటికి గడియారం చూస్తే మూడూ అయిదవుతుంది. చాలాసేపు ఆగి, ఇక నాలుగయ్యే ఉంటుందని మళ్లీ చూస్తే మూడూ పది. ఆ టైములో ఒకసారి అనుకున్నదే మళ్లీ అనుకోవడం తప్ప వేరే పనుండదు. ఈ కీర్తన రాసినాయన రాత్రి కాపలా కాసి ఉండాలి, లేదా కాసినవాళ్ల దగ్గర కూర్చుని ఉండాలి. ఇంకో సంగతి. కావలివాడు ఉదయాన్ని తేలేడు, ఒక్క నిమిషం ముందుకు జరపలేడు. కానీ తెల్లవారుతుందా లేదా అని మాత్రం ఎవడూ దిగులు పడడు. దేవుణ్ణి నమ్మడం అంటే ఏమిటో ఈ రెండు వరుసల్లో నాకు తెలిసినంత ఏ ప్రసంగంలోనూ తెలియలేదు.

కాపరి, కావలి, కాపలా, కాపాడు. మన తెలుగులో ఇవన్నీ ‘కాచు’ పిల్లలే. హీబ్రూలో కూడా ఇలాంటి చుట్టరికం కొంత ఉందట. 130లో కావలివారికి వాడిన మాటకూ, 121లో ‘నిన్ను కాపాడువాడు కునుకడు’ అన్నదానికీ మూలం ఒకటేనని పాస్టరుగారు చెప్పారు. 121లో ఉన్నవి ఎనిమిది వచనాలే, ఆ మూలం మాత్రం ఆరుసార్లు వస్తుందట. ‘ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు.’ ఈ వచనం విలువ వాచ్‌మన్‌కు తెలిసినట్టు మరొకరికి తెలియదు. నేను కునికాను. సూపర్‌వైజర్ రెండుసార్లు పట్టుకున్నాడు, ఒకసారి మెమో కూడా ఇచ్చారు. కునుకని కావలివాడు ఎవడూ నాకు తగల్లేదు.

ఇక దారి చూపించడం గురించి. 119వ కీర్తన అన్నిటికంటే పొడవైనది, హీబ్రూ అక్షరాలు ఇరవై రెండు, ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి చొప్పున 176 వచనాలు. అందులో నూన్ అనే అక్షరం కింద వస్తుంది అందరికీ తెలిసిన మాట: ‘నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది.’ ఆ కాలంలో దీపమంటే అరచేతిలో పట్టే మట్టి ప్రమిద, నూనె, వత్తి. ఎంత దూరం కనిపిస్తుంది? డ్యూటీలో కొత్తగా చేరినవాడికి టార్చ్ ఇస్తే ముందు దూరంగా, గోడ చివరికి వేస్తాడు. వేసి రెండడుగులు వేసేసరికి కాళ్ల దగ్గరున్న ఇనుప ముక్క తగిలి పడతాడు. నేనూ అలాగే పడి మోకాలు పగలగొట్టుకున్నాను. నాకంటే ముందున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని టార్చ్‌ను తొడ దగ్గరికి దించి, ‘కాళ్ల ముందు వెయ్యి. దూరాన ఏముందో చెవి చెబుతుంది’ అన్నాడు. ఆయన బైబిలు చదివేవాడు కాదు. అయినా ‘పాదములకు దీపము’ అన్న చోటికి వస్తే నాకు ఆయన చెయ్యే గుర్తొస్తుంది. ఆ రాత్రి నా కాళ్ల ముందున్నది ఏమిటి? నొప్పితో ఉన్న భార్య. దానికి వచనం అక్కర్లేదు. నేను టార్చ్ దూరంగా వేసి చూస్తున్నాను.

ఆ 119 ఎలా ముగుస్తుందో ఎవరూ పెట్టె కట్టి వేయరు. ధర్మశాస్త్రాన్ని 175 వచనాలు పొగిడి పొగిడి, చివరి వచనంలో ‘తప్పిపోయిన గొఱ్ఱెవలె నేను త్రోవవిడిచి తిరిగితిని, నీ సేవకుని వెదకి పట్టుకొనుము’ అంటాడు. దారి ఇంత బాగా తెలిసినవాడు కూడా ఆఖరికి తనను వెతికి పట్టుకోమని అడుగుతున్నాడు. నాకు అది చాలా ఊరట.

37లోనే 24వ వచనం చూడండి, ‘అతడు నేలను పడినను లేవలేక యుండడు’ అని ఉంది. పడడని రాయలేదు. ఆ పక్క వచనంతో మాత్రం నాకు ఇప్పటికీ పేచీ ఉంది. నేను చిన్నవాడిగా ఉన్నాను, ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను, నీతిమంతుల పిల్లలు అడుక్కోవడం నేను చూడలేదు అంటాడు. నేనూ ముసలివాణ్ణే. నేను చూశాను. ఆ మాట దేవుని ముందు అనొచ్చా అని చాలాకాలం భయపడ్డాను. ఆ భయం తీర్చింది 73వ కీర్తన. అది రాసిన ఆసాపు నాకంటే గట్టిగా అడిగాడు. దుష్టులు హాయిగా ఉన్నారు, నేను చేతులు కడుక్కుని శుభ్రంగా ఉండి ఏం లాభం అని గోలపెట్టి, నేను పశువులా తయారయ్యానని తనే ఒప్పుకుని, ఆ మాట వెంటనే ‘నా కుడిచెయ్యి నీవు పట్టుకొని యున్నావు’ అన్నాడు. గోల పెడుతున్నప్పుడు కూడా చెయ్యి వదలలేదన్నమాట. 88వ కీర్తన చివర అయితే ఆ చెయ్యి కూడా కనపడదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ఆగిపోతుంది. దాన్ని కూడా తీసేయకుండా నూట యాభై కీర్తనల్లో ఉంచారు. మీ వ్యాసకర్త చెప్పినట్టు చదివి తేలికపడాలంటే దీంతో ఏం చేయాలి? ఆపరేషన్ అయిన రాత్రి నాకు పనికొచ్చింది అదొక్కటే.

నడిపింపు గురించి నాకు ఇష్టమైన మాట మాత్రం 77లో ఉంది. ‘నీ మార్గము సముద్రములో నుండెను... నీ యడుగు జాడలు గుర్తింపబడక యుండెను.’ తన ప్రజలను ఎర్ర సముద్రం దాటించిన దేవుడి అడుగులు నీళ్ల మీద ఎవరికి కనిపిస్తాయి? వెంటనే తర్వాతి వచనం, ఆ కీర్తనకు అదే ఆఖరిది: ‘మోషే అహరోనులచేత నీ ప్రజలను మందవలె నడిపించితివి.’ దేవుడి జాడ కనపడలేదు, చెయ్యి పట్టుకుని నడిపించిన మనుషులు కనపడ్డారు. ఆ వచనం చదివితే నాకు పక్కింటావిడ గుర్తొస్తుంది. ఆమె ఏ పుస్తకమూ తెరవలేదు. మూలుగు విని తలుపు తట్టింది. ఆ రాత్రి దేవుడు నడిపించాడా అని ఎవరైనా అడిగితే నడిపించాడనే చెబుతాను. కానీ నేను తెరిచిన పేజీలోంచి మాత్రం కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నిర్ణయం పెండింగ్‌లో ఉంది. నా మోకాళ్లు పని చేయడం లేదు, కొడుకు తన దగ్గరికి వచ్చి ఉండమంటున్నాడు. మా ఆవిడకు ఇష్టం లేదు, నాకు ఇటూ అటూ ఉంది. రాత్రిళ్లు ఆమె 25వ కీర్తన పైకి చదువుతుంది, నేను వింటాను. ‘నీ మార్గములను నాకు తెలియజేయుము’ అన్న వచనం వచ్చినప్పుడు ఇద్దరం కాసేపు ఆగుతాం. మూడు నెలలైంది. ఒక్క సూచనా రాలేదు. డాక్టరును అడిగాం, లెక్కలు వేసుకున్నాం, కోడలితో విడిగా మాట్లాడాం. ఇంకా తేలలేదు. కళ్లు మూసి బైబిల్లో వేలు పెట్టే ప్రయత్నం మాత్రం మా ఆవిడ చేయనివ్వదు.

చివరగా మీకొక మనవి. భక్తి పేజీలో ఒక్క వచనం కత్తిరించి పెట్టె కట్టడం మానేసి, వారానికో కీర్తన మొత్తం వేయండి. ఫిర్యాదులు, ఏడుపులు, శాపాలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు. చోటు చాలదంటారేమో. 117వ కీర్తనతో మొదలుపెట్టండి, అది రెండే వచనాలు. 119కి మాత్రం అనుబంధం వేయాల్సి వస్తుంది. ఆ వారం అక్షరాలు కాస్త పెద్దవిగా వేయిస్తే నేను కూడా చదువుకోగలను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నైట్ వాచ్‌మన్
(రాసిపెట్టినది: ఆయన భార్య)